రెప్ప మీద రెండు పూలు

బ్రాడీపేటలో ఎవరిదో ప్రహరీ దాటిందని
నందివర్ధనం కొమ్మలు నరికి
మురుగుకాలవ పక్కన పడేశారు.
మిర్చియార్డు నించి వస్తూ ఒకటి లాక్కున్నా.
విరిచిన చోట పాలు కారి
నా వేళ్ళ కారానికి అంటుకున్నాయి.

రంగులడబ్బా అడుగున మేకుతో మూడు బెజ్జాలు.
సగం మట్టి, సగం మేకపెంట.
రెండాకులు మాత్రం ఉంచి
జానెడు పుల్ల గుచ్చా.
ఆషాఢం ముసురు
నాకు ఐదు రోజులు పని లేకుండా చేసి
దానికి వేళ్ళు పోసింది.

"పూలు పెంచే మొహాలా మనవి"
అన్నాడు మా ఆయన ఏసోబు.
అయినా డబ్బా ఎండలో మాడుతుంటే
కాలితో నీడకి నెట్టేది ఆయనే.

మా ఇంటావిడ సుగుణ గారు
"నాలుగు కోసుకోనా కరుణా" అని
సజ్జ నిండా కోసుకుంటుంది.
అందుకే నేను రాత్రే కోస్తా,
విచ్చీ విచ్చకముందే.

తేజ రకం కాయ ఒలిస్తే
చేతుల మంటకి మజ్జిగుంది.
కళ్ళకి?
మా అమ్మమ్మ వైద్యాల్లో నాకు మిగిలింది ఇదొక్కటే:
తడిపిన పువ్వు, మూసిన రెప్ప మీద, బోర్లా.
తొడిమ గిల్లెయ్యాలి, పాలు కంట్లో పడకుండా.
పగలంతా తొడిమలే,
రాత్రీ తొడిమలే.
వాటికి కిలోకింతని కూలి,
వీటికి కాస్త నిద్ర.

మార్చి నెల.
కోల్డ్ స్టోరేజీ ముందు లారీల బారు.
తెల్లారిందగ్గర్నించీ టిక్కీలు మోసి
అన్నం ముట్టకుండా మంచాన పడ్డాడు.
కళ్ళు చింతనిప్పులు.
అడగలేదు నేను. రెండు పూలు తడిపి పెట్టేశా.

కిటికీలోంచి వీధిలైటు.
తెల్లటి పూల కింద
కదలని మొహం.
మా మామని పెట్టెలో పడుకోబెట్టిన రోజు
అచ్చం ఇట్లాగే ఉన్నాడు.
ఒళ్ళు ఝల్లుమంది.
గబుక్కున తీసెయ్యబోతే
తల కదపకుండానే
నా మణికట్టు దొరకబుచ్చుకున్నాడు.

"ఉండనీయవే.
ఇప్పుడిప్పుడే చల్లగా తగుల్తంది."

ఘాటుకి దగ్గొచ్చింది.
ఒక పువ్వు చెవి పక్కకి జారింది.
మళ్ళీ పెట్టా. మళ్ళీ జారింది.
వేలితో పట్టుకుని కూర్చున్నా,
ఆ వేలికింకా కారం ఉందేమోనని
మధ్యలో గుర్తొచ్చి
చెయ్యి మార్చి.

పొద్దున్నే సుగుణ గారు
"ఇవాళ పూలు తక్కువున్నాయే" అంది.
రాత్రి గాలేసిందండీ,
అన్నా.