పెన్సిల్‌తో రాసిన అంకె

ప్రిన్సిపాల్ మేడమ్ ఒక్క కాగితం అడిగింది.
రాబోయే ఇరవై ఏండ్లల్ల మన కాలేజీకి ఎంతమంది వస్తరు?
కొత్త బ్లాకు కట్టాల్నో వద్దో తేల్చాల్నట.
శుక్రవారం లోపల.

ఇరవై ఆరేండ్ల సంది
అడ్మిషన్ల కిటికీ ఎనక కూసున్నదాన్ని.
వచ్చినోళ్ళ లెక్క అడిగితే చెప్త.
రాబోయేటోళ్ళ లెక్క ఏ బీరువాల ఉంటది?

నల్లకుంటల, నాలా పక్క సందుల
ఏటా మాకు నలభై మందిని పంపే బడికి పోయిన.
భూమయ్య సారు హాజరుపట్టీలు ముందటేసిండు.
పదో తరగతి మూడు సెక్షన్లు.
ఆరో తరగతి రెండు.
ఒకటో తరగతిల పదకొండు పేర్లు,
కింద గీతలన్నీ ఖాళీ,
దసరా నాటి సిటీ బస్సుల సీట్ల లెక్క.
"ఇంటికి ఒక్కరే గదమ్మా ఇప్పుడు.
ఆ ఒక్కరు గూడ పసుపు బస్సెక్కి కొంపల్లి పోతున్నరు"
అనుకుంట సారు చాక్‌పీసు డబ్బా మూత పెట్టిండు.

రాత్రి పండుకుని వేళ్ళ మీద లెక్కేసిన.
మా అమ్మకు ఆరుగురం.
నాకు ఇద్దరు.
నా బిడ్డ ఒక్కడితోని ఆపేసి
"ఫీజులు చూసినవా అమ్మా" అన్నది.
రానోళ్ళ జాబితా
మా ఇంటి నుంచే మొదలైంది.

మా పై అంతస్తుల రెండు గదులకు తాళం.
ఒకప్పుడు తెలుగు మీడియం బీఏ కూసున్న గదిల
ఇప్పుడు కాళ్ళిరిగిన బెంచీలు కూసుంటున్నయి.

అట్లని కిటికీ ముందట లైను లేదా అంటే,
ఉన్నది.

మొన్న ఒక పిల్ల, సుభాసిని బెహెరా.
నాయిన గంజాం నుంచి టైల్స్ పనికొచ్చి
రామంతాపూర్‌ల నిలబడ్డడు.
మాతృభాష గడి కాడ కలం ఆగింది.
"ఇంట్ల ఒడియా మేడమ్.
కొట్లాటకు మాత్రం తెలుగు."
ఆ తెలుగు అచ్చం మా గల్లీ తెలుగు.
నవ్వి, రెండూ రాయమన్న.
కంప్యూటర్ ఒక్కదాన్నే తీసుకున్నది.

తలాబ్‌కట్ట నుంచి ముగ్గురు పిల్లలు,
నుజ్హత్, ఆమె పిన్ని బిడ్డలు,
ఒకే ఆటో, ఒకే షరతు:
రెండు కొట్టేసరికి ఇల్లు చేరాలె.
మా టైమ్‌టేబుల్ ఎప్పుడో
సైకిళ్ళ మీద వచ్చే మగపిల్లల కోసం గీసింది.
మూడున్నరకు గాని గంట కొట్టది.

తర్వాత సాయవ్వ.
మెట్రో స్టేషన్‌ల ఊడ్చే పని. నలభై మూడేండ్లు.
ఇంటర్ మెమో పాలిథిన్ కవర్ల నుంచి తీసి
మడతలు విప్పుతుంటే
లైనంతా ఆగి చూసింది.
"వయసు గడి ఉన్నదా అమ్మా?"
"ఉన్నది. నీ అంకె పట్టేంత ఉన్నది."

భూమయ్య సారు పట్టీ అబద్ధం కాదు.
సాయవ్వ మెమో గూడ అసలుదే.
రెండింటినీ ఎట్ల కూడాల్నో
ఏ సర్క్యులర్‌ల రాయలేదు.

శుక్రవారం కాగితం ఇచ్చిన.
పెన్సిల్‌తోని ఒక అంకె,
ఈ ఏడు కన్న చిన్నది.
కింద అడగని మాటలు కొన్ని:
రెండు లోపల అయిపోయే క్లాసులు.
సాయంత్రం ఆరు తర్వాత ఒక సెక్షన్.
మాతృభాషకు ఇంకొక గీత.
తాళం చెవులు నా దగ్గరనే ఉన్నయి.

మేడమ్ కండ్లద్దాలు పైకి జరిపింది.
"బ్లాకు సంగతి అడిగితే
ఇదంతా ఏంది?
అంకె గూడ పెన్సిల్‌తోనా?"

"అండ్ల కొందరు ఇంక పుట్టలేదు మేడమ్."

ఆమె నవ్వలేదు, కోప్పడలేదు.
కాగితం ఫైల్ల పెట్టిందో, ఫైలు కింద పెట్టిందో
నేను చూడలేదు.
అవతల కిటికీ మీద ఎవరో
రూపాయి బిళ్ళతోని కొడుతున్నరు.