ఒదుగు

రామచంద్రపురం మట్టి పరీక్షల గదిలో
కిటికీ కింది అరలో ఆరు సీసాలు.
చీటీల మీద చేతిరాత నాదే, అప్పటిది,
అక్షరాలు ఇంకా గుండ్రంగా ఉన్నాయి.

కోటిపల్లి దగ్గర అన్నవరం చేలో
మోకాలి లోతున తవ్వి తెచ్చిన నల్లమట్టి.
"దీన్నేం చేస్తారమ్మా?" అన్నాడు పార కడుక్కుంటూ.
"ఊరబెడతాను."
ఆవకాయ గుర్తొచ్చిందేమో, నవ్వాడు.

మూడింట్లో అల్యూమినియం పోశాను,
మూడింట్లో ఇనుము,
బొట్టుబొట్టుగా పులుపు విరుస్తూ.

ఆ బంకమట్టి రేకులు రేకులుగా ఉంటుంది.
తడిస్తే రేకుకీ రేకుకీ మధ్య
నీళ్ళకి చోటిచ్చి పొంగుతుంది,
ఎండితే వైశాఖంలో మడమల్లా పగులుతుంది.
అల్యూమినియం ఆ సందుల్లో దూరి
తలుపు కింద చెక్కముక్కలా బిగుసుకుంది.
ఇక ఎన్ని నీళ్ళు పోసినా
మట్టి ఉలకదు, పలకదు.

ఇనుము అంత లోపలికి పోలేదు.
అంచుల్లో కూర్చుంది ఎర్రటి జిగురై,
కనబడ్డ భాస్వరాన్నల్లా గుప్పిట్లో పట్టుకుని.

నెలకి కొలిచాను. ఆర్నెల్లకి కొలిచాను.
తర్వాత పెద్దసారు బదిలీ అయ్యారు,
తూనిక యంత్రం పాడైంది,
నాకు చత్వారం వచ్చింది.
రెండు వరదలు.
రెండో వరదకి అన్నవరం చేను
గట్టుతో సహా గోదాట్లోకి జారిపోయింది.

పదకొండో ఏట
కొంగుతో పట్టి మూత తిప్పాను.

ఇనుము ఎర్రగా లేదు.
పాత ఇత్తడి చెంబు రంగు.
జిగురంతా సూదుల్లాంటి పలుకులైందని
హైదరాబాదు నుంచి కాగితం వచ్చింది.
గుప్పిట వదులైంది,
ఇప్పుడు భాస్వరం మీద అంత ఆశ లేదు దానికి.

అల్యూమినియం సీసాలోది మాత్రం
గాజుగొట్టంలో పోసి, నీళ్ళు పోసి
రాత్రంతా వదిలేశాను.
పొద్దున చూస్తే
నా పాత గీత మీద రెండు గీతలు పైకొచ్చింది మట్టి.
చెక్కముక్కలు ఒక్కొక్కటీ బయటికి జరిగి
తమవాటిని వెతుక్కుని
పక్కన తెల్లటి రవ్వలై చేరాయి.
అన్నీ కాదు.
కొన్ని లోపలే ఉండిపోయాయి, ఎప్పటికీ రావేమో.

అన్నవరానికి ఫోన్ చేశాను.
పడవల రేవులో టిక్కెట్లు కోస్తున్నాడట.
అంతా విన్నాడు.
"కొత్త బియ్యం ముద్దవుతాయి, పాతవి ఒదుగుతాయి.
అది తెలియడానికి పదకొండేళ్ళా అమ్మా?"
"బియ్యం కాదు కదా, మట్టి."

వెనకాల ఇంజను చప్పుడు.
ఎవరో చిల్లర అడుగుతున్నారు.

"అయితే నా చేను
ఆ సీసాల్లో ఇంకా ఎంతుంటుంది?"
"ఒక గుప్పెడు."

చాలాసేపు మాట్లాడలేదు.
తర్వాత
"మూతలు గట్టిగా పెట్టండి" అన్నాడు.