చెక్ ట్రే

పొద్దున ఆరింటికి మొదటి మేత.
పదింటికి రెండోది. రెండున్నరకి మూడోది.
దీపాలు పెట్టే వేళకి ఇంకోటి.
కాస్త ఆలస్యమైతే
యజమాని కంటే ముందు రొయ్యే అడగద్ది.
గట్టెంట గుంపుగా తిరగతా,
ఏందబ్బయ్యా మస్తానయ్యా, మరిచిపొయ్యావా అని.

కొరుటూరు పక్కన నాలుగు గుంటలు నా చేతికింద.
ఎనిమిది లక్షల నోళ్ళు.
అన్నిటికీ వేళ తప్పకుండా పెట్టినోణ్ణి
నా ఒక్క నోటికి వేళ పెట్టుకోలేకపొయ్యా.

తాడు లాగి చెక్ ట్రే పైకి తీస్తా.
మేత మిగిలుంటే తరవాతి పూట తగ్గించాల.
ఊడ్చిపెట్టుంటే పిడికెడు పెంచాల.
రొయ్యని ఎండకెత్తి పట్టుకుంటే
పెంకులోంచి తల్లోనే కనపడద్ది కార్జం.
ముదురు గోధుమరంగుంటే ఆ రాత్రి నాకు నిద్ర.
పాలిపోయో, కుంచించుకపోయో ఉందంటే
బండి తీసి ఇందుకూరుపేట ల్యాబుకి పరిగెత్తాల్సిందే.
మైక్రోస్కోపు మీంచి తలెత్తకుండానే
చరిత అనింది ఒకసారి:
"ఏ రోగమొచ్చినా ముందు కార్జానికే తెలుస్తదన్నా."
పెద్ద తెలిసినోడి మాదిరి తలూపా.
అప్పటికి నా కడుపులో
మూడు టీలు, సగం బన్ను.

నా తిండి కత చెప్పాలంటే సిగ్గు.
కామాక్షి కట్టిచ్చిన క్యారియరు
మోటారు షెడ్డులో కొక్కేనికి వేలాడతానే ఉంటది,
లోపల పప్పు పులిసిపోతా.
కరెంటు పోతే జనరేటరు,
జనరేటరు మొరాయిస్తే ఏరేటర్లు ఆగతాయి,
ఏరేటర్లు ఆగితే మన ఊపిరి.
అన్నం ఎవడికి గుర్తు?
రాత్రి పదకొండుకి ఆకలి పిచ్చికుక్క మాదిరి మీదపడద్ది.
మైపాడు రోడ్డులో కారం దోసెలు నాలుగు,
ఎర్రకారం మీద నెయ్యి, నెయ్యి మీద ఇంకాస్త నెయ్యి.
చాలక ఒంటిగంటకి బిర్యానీ పొట్లం, కూల్‌డ్రింకు,
తిన్నెంటనే నులకమంచం.
పొద్దంతా ఎండబెట్టి రాత్రికి ముంచేస్తే
ఏ గుంట తట్టుకుంటది?

నెల్లూరు, పొగతోట. స్కానింగు గది.
పొట్ట మీద చల్లటి జిగురు పూసి
డాక్టరమ్మ తెర వైపే చూసింది.
"మందు తాగతావా?"
"లేదమ్మా."
"నిజం చెప్పు."
"కసుమూరు దర్గా మీద ఒట్టు."
తెర మీద నా కార్జం
తెల్లారి చెరువు మీద మంచు మాదిరి మెరస్తా ఉంది.
కొవ్వంట. రెండో గ్రేడంట.
రక్తం కాయితం చూసి, వాపు కూడా మొదలైంది,
షుగరు గడప దగ్గర నిలబడుంది అనింది.
"నొప్పి లేదే" అన్నా.
"అది చెప్పదు" అనింది.
"పగలంతా పనికి సిద్ధంగా కూర్చుంటది, నువ్వు పని ఇవ్వవు.
పడుకునే వేళకి అంతా తెచ్చి నెత్తిన పోస్తావు.
ఎంత తిన్నావనే కాదు,
ఎప్పుడు తిన్నావనేది కూడా దానికి లెక్కే."

నవ్వొచ్చింది నాకు.
రాత్రి మేత ఎక్కువేసినందుకు
నిరుడు వెంగయ్యని గట్టు మీదే తిట్టా:
"మిగిలింది అడుగున కుళ్ళద్దిరా,
కుళ్ళింది విషమైపోద్దిరా,
తెల్లారేసరికి అన్నీ తేలతాయి!"
ఆ నోటితోనే, ఆ రాత్రే, నాలుగు దోసెలు.

ఇప్పుడు కామాక్షి ఒక పద్ధతి పెట్టింది.
ఒంటిగంటకి ఫోను, తిన్నావా అని.
తిన్నానంటే నమ్మదు.
మూడింటికి తనే స్కూటీ మీదొచ్చి
క్యారియరు మూత తీసి చూస్తది.
ఎంత మిగిలింది, ఏది మిగిలింది,
గిన్నె అంచు వేలితో గీసి మరీ.
ఏం మాట్లాడదు.
ఆకుకూర మిగిలిస్తే మర్నాడు
అదే ఆకుకూర.

మూడు నెలలకి మళ్ళీ రమ్మన్నారు.
పట్టుబడి కూడా అప్పటికే.
ఏ లెక్క ముందు తేల్తదో చూడాల.

నిన్న సరిగ్గా ఒంటిగంటకే కరెంటు పొయ్యింది.
ఒక చేత్తో జనరేటరు తిప్పతా
ఇంకో చేత్తో ముద్ద నోట్లో పెట్టుకున్నా.
డీజిలు వాసనతో సహా మింగినా,
వేళకి.