గుండు, బద్ద, నూక

సంచి విప్పేముందు చేతులు కడుక్కుంటాను,
పసుపు వాసన కూడా మిగలకుండా.
సీలుతాడు కత్తిరించి
పసుపంచు తెల్లబిళ్ళలు ఒక్కసారిగా చేటలోకి...
కాదు, చేటలోకి కాదు.
అలా పోస్తే ఒకదాన్నొకటి కొరుక్కుంటాయి.
పాత ఉన్ని శాలువా పరిచి
గుప్పెడు గుప్పెడుగా, నిద్రపోయే పిల్లల్ని దించినట్టు.

ఇరవైరెండేళ్ళు జీడిపప్పు ఏరిన కళ్ళివి.
పర్లాకిమిడి శివార్లలో రేకుల షెడ్డు,
గుండు ఒక పళ్ళెం, బద్ద ఒక పళ్ళెం, నూక ఒక పళ్ళెం.
అంతకు ముందు కాయ కొట్టిన రోజుల్లో
జీడి నా వేలిముద్రలు తినేసింది.
ఆధారు మిషను ఇప్పటికీ నన్ను నేనని ఒప్పుకోదు.
పోనీ. బిళ్ళ మీద నా మరక పడదు.

బ్యాంకులో గమాంగో బాబు నవ్వుతాడు.
"మావుసీ, అందరూ నోట్లడుగుతారు,
నువ్వొక్కదానివే ఖుచురా అడుగుతావు."
సవర పిల్లడు. ఒడియాలో మొదలెట్టి తెలుగులో ముగిస్తాడు,
ఈ ఊళ్ళో అందరిలాగే.
పది రూపాయల బిళ్ళ చెల్లదని ఎవడో పుకారు లేపాడు.
ఆటోవాడు తీసుకోడు, చేపలమ్మే పైడమ్మ ముట్టుకోదు.
అందుకే ఆ సంచులు ఇనప గదిలో అలా పడున్నాయి,
పుట్టి, సంత చూడకుండా.
నాకు కావలసినవి అవే.

పొద్దున్న ఎనిమిదింటికి కిటికీలోంచి ఎండ ఏటవాలుగా వస్తుంది.
ట్యూబులైటు అబద్ధాలాడుతుంది, నమ్మను.
అంచులు పట్టుకుని కొంచెం వాల్చితే
మంచి బిళ్ళ మీద వెలుగు విసనకర్రలా విచ్చుకుంటుంది,
మళ్ళీ మూసుకుంటుంది.
దెబ్బ తగిలిన చోట తడబడుతుంది.
సింహం ముక్కు మీద గాటు. బద్ద.
అంకె పక్కన గీత. బద్ద.
అంచు నొక్కుకుపోయింది. నూక.
"ఎవరూ వాడనివాటికి ఇన్ని దెబ్బలేటే?" అంటాడు మా ఆయన.
"సంచిలో ఉన్నాయి కదా," అన్నాను, "తోబుట్టువులతో."

సంవత్సరం కింద నక్షత్రముంటే హైదరాబాదు,
వజ్రమైతే బొంబాయి, చుక్కయితే నోయిడా,
ఏమీ లేకపోతే కలకత్తా.
మేం ఆ ఏమీలేని రకం.
బరంపురంలో తెలుగోళ్ళం,
టెక్కలి దాటితే ఒడ్రోళ్ళం.

మధ్యలో ఉప్పు పాకెట్టుకి ఒకరు, షాంపూకి ఒకరు.
మెడ పట్టేసింది. అన్నం చల్లారింది.
పదహారు వందలు దాటాక,
లెక్క కూడా వదిలేశాక
వచ్చింది.

వాల్చాను. మళ్ళీ వాల్చాను. భూతద్దం పెట్టాను.
సింహాల జూలులో, అంకెల పొట్టలో,
తెలుపూ పసుపూ కలిసే గీత పొడుగునా
ఏమీ లేదు.

షెడ్డులో ఇలాంటి గుండు కనబడితే
సూపర్వైజరు పాణిగ్రాహి విదేశాల డబ్బాలో వేసేవాడు.
ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి నోట్లో వేసుకుందని
మా కురమ్మకి రోజు కూలి కోశాడు.
ఎలా ఉందే అని దార్లో అందరం అడిగాం.
చెప్పలేదు.
ఇప్పుడు తెలిసింది ఎందుకో.

సాయంత్రం మిగిలినవి సంచిలో కట్టి బ్యాంకుకి.
ఒకటి తక్కువ కాకూడదు కదా.
గల్లాపెట్టె మూలలో ఇరుక్కున్న పాత పదిబిళ్ళ,
పుకారుకి ముందు ఎన్ని చేతులు తిరిగిందో,
సింహాల మొహాలు అరిగిపోయి
మూడూ ఒకే ముసలాడిలా ఉన్నాయి.
కొత్తవాటి మధ్యకి తోశాను.
మిషను గలగలా లెక్కపెట్టింది.
"సరిపోయాయి మావుసీ."
దానికేం, ముసలిదైనా పిల్లదైనా పదే.

రాత్రి బరంపురం నుంచి చౌదురి బాబు ఫోను.
మచ్చలేనిదైతే నాలుగొందలిస్తాడు,
అద్దాల పెట్టెలో పెట్టి ఇంకెవరికో ఇంకెంతకో.
"దొరికిందా? దాచకు."
పక్కనే, మాత్రల డబ్బా మూతలో, దూది మీద,
ఫోను వెలుగుకి అది కొంచెం విచ్చుకుంది.
"లేదు బాబూ," అన్నాను.
"ఈ సంచిలో అన్నీ బద్దలే."