కాజా మిషన్ కాడ వరస

రాయదుర్గంలో మా షెడ్డుకి కుట్టు మిషన్లు ఇరవై రెండు,
కాజా మిషన్ ఒక్కటే.
ఎంత పెద్ద ప్యాంటయినా, ఎంత చిన్న నిక్కరయినా
నడుము దగ్గర ఆ ఒక్క కన్ను తెరిపించుకోడానికి
వన్నూర్‌బీ ముందుకే రావాలి.

సోమవారం పొద్దున్నే
ఓనరు తిప్పేస్వామి రెండు ఫోన్లతో దిగుతాడు.
ఎవరి గొంతు పెద్దదైతే వాళ్ళ మూట ముందు,
మిగతా అందరికీ "రేపు".
మా షెడ్డులో రేపు అన్న మాటకి
గుండీ ఊడిపోయి చాన్నాళ్ళయింది.

ఆమె అట్టముక్కల మీద సుద్దతో రాస్తుంది.
కళ్యాణదుర్గం కొట్టు, ఒక రోజు పని, మంగళవారానికి.
బళ్ళారి సేటు, మూడు రోజులు, గురువారానికి.
గుంతకల్లు హాస్టలు ఒక రోజు, శుక్రవారం.
ఉరవకొండ యూనిఫారాలు, అవీ ఒక రోజే, అదే శుక్రవారం.
హిందూపురం ఒక రోజు, శనివారం.

గడువు దగ్గరున్నది ముందు పెట్టి
నేల మీద పరుచుకుంటూ, వేలితో రోజులు నడిపిస్తూ పోతుంది.
ఉరవకొండ కాడ వేలు ఆగిపోతుంది.
శనివారం అవుతోంది.
అప్పుడు వెనక్కి చూస్తుంది,
అంతవరకూ పరిచినవాటిలో ఎక్కువ పొద్దు మింగేది ఏదని.
బళ్ళారి అట్టను లాగి
వరస చివర పెడుతుంది.

"పెద్ద గిరాకీ గదమ్మా అది!"
"నువ్వు చెప్పినట్ల పోతే ముగ్గురు తిడతారు.
ఉత్త గడువు పట్టుకొని పోతే ఇద్దురు.
ఇట్లయితే ఒగడే.
యా తిట్లు తినాలో నువ్వే చెప్పప్పా."

ఆ ఒకడికి ఆమే ఫోన్ చేస్తుంది.
"గురువారం కాదు సేటూ, వచ్చే సోమవారం
దీపాలు పెట్టే యాళకి. ఈపొద్దే చెప్తాండా."
అవతల తిట్లు హిందీలో మొదలై కన్నడంలోకి దిగుతాయి.
ఫోన్ని చెవికి జానెడు దూరంగా పట్టుకుని
పెడలు తొక్కుతూనే ఉంటుంది.

దారాలు తుంచే పని నాది.
నిన్న ఊడుస్తుంటే ఆమె స్టూలు కింద ఒక అట్ట దొరికింది.
సుద్దతో కాదు, పెన్నుతో రాసుంది:
కంటి ఆపరేషను, అనంతపురం, పది రోజులు.
గడువు కాడ రంజాన్ అని రాసి కొట్టేసింది.
దసరా అని రాసి కొట్టేసింది.
మూడోది రాయలేదు.

ఎన్నిసార్లు పరిచినా
అదే అన్నిటికంటే పొడుగ్గా కనబడి ఉంటుంది.
వారం వారం చిన్న అట్టలు వస్తానే ఉంటాయి గదా.

అడుగుదామని లేచాను. అంతలో కరెంటు వచ్చింది.
"పాపా, ఈ సూదికి దారం ఎక్కీ" అని పిలిచింది.
ఈమధ్య రోజుకు నాలుగైదు సార్లు
పిలుస్తోంది.