నాలుగో మూల

ముమ్మిడివరం పాతినుప కొట్టులో
దాన్ని తూకానికి అమ్ముతున్నారు.
చమురు వెతకడానికొచ్చిన కంపెనీ ఎప్పుడో వదిలేసిన బండి,
రెండు చక్రాల మీద మూతేసిన పెట్టె.
హ్యాండిల్ తిప్పితే కప్పు లేస్తుందని
ఇటో మంచం, అటో మంచం బయటికొస్తాయని
చుట్టూ గుడ్డ గోడలు నిలబడతాయని
కొట్టువాడు చెప్పాడు. చూపించలేదు.

మా ఏసుబాబు రొయ్యల చెరువుల్లో
ఏరేటర్లకి బేరింగులు మార్చే మనిషి.
తుప్పుని చూస్తే ఆయనకి ఆకలేస్తుంది.
కిలో ముప్పై రెండు చొప్పున
ఆ రోజు మేమొక ఇల్లు కొన్నాం.

మూత తెరిస్తే ఎలకలు కాపురం చేసిన కంపు,
ఎనభై ఏడు నాటి కేలండరు ముక్క,
ఒంటి బూటు.
"రెండోది ఏ చేలో దిగబడిపోయిందో"
అంటూ ఇమ్మాను దాన్ని పక్కన దాచాడు.

ఆదివారం ఆరాధన అయ్యాక
మా అందరివీ గ్రీజు చేతులే.
ఉప్పుకాగితంతో రుద్దీ రుద్దీ
"వేలిముద్రలు అరిగిపోయాయమ్మా,
రేషన్ మిషను ఇంక నన్ను ఒప్పుకోదు" అంది కెజియా.

నేను టైలర్ని.
జాకెట్లు కుట్టే మిషను మీద గోడలు కుట్టాలి.
పదహారో నంబరు సూదులు మూడు విరిగాయి,
పద్దెనిమిది నిలబడింది.
చెరువు గట్ల నీలం పట్టా వద్దన్నాను,
లోపల కుడుముల్లా ఉడికిపోతాం.
రాజమండ్రి నుంచి కాన్వాసు తెప్పించి
దోమతెరలు, జిప్పులు, మడతలు
అన్నీ కుదిరాయి గానీ
ఎడమ కిటికీ దగ్గర బెత్తెడు కొలత తప్పింది.
ఆ తప్పు ఇప్పటికీ ఉంది, రండి చూపిస్తాను.

అసలు గొడవంతా కప్పుతో.
మూడు మూలలు లాకు తలుపుల్లా నింపాదిగా లేచేవి,
నాలుగోది కదిలేది కాదు.
తీగ మార్చాం, కప్పీ మార్చాం,
ఆముదం పోశాం, తిట్టాం.
ఒంటి చెవి ఎత్తి వినే కుక్కలా
అలా వంకరగా ఆగిపోయేది.

మా అత్తగారు సువార్తమ్మ
ఇన్ని వారాల్లో ఒక్కసారీ దగ్గరికి రాలేదు,
కొబ్బరి పీచు పేనుకుంటూ దూరం నుంచే చూసేది.
ఒక మధ్యాహ్నం ఒళ్ళో పీచు దులుపుకుని లేచొచ్చి
ఆ మూల కింద వేలితో తట్టింది
పనసకాయ పండిందో లేదో చూసినట్టు.
"ఇక్కడ, ఈ రంగు కింద, సీల ఉంటది.
అది లాగితే గానీ లెగవదు."

నీకెలా తెలుసన్నాడు ఏసుబాబు.
"ఈళ్ళకి ఏడాదిన్నర వండాను.
నేల్లో మందెట్టి పేల్చేవోళ్ళు,
పొయ్యి మీద గుండిగ అదిరేది.
నువ్వు కడుపులో తన్నేవోడివి."

"లోపల బాగుండేదా నానమ్మా?"
"ఏమో మరి.
కంచాలు గుమ్మంలో ఎట్టి వచ్చేసేదాన్ని.
వానొస్తే దీని కిందే కూకునేదాన్ని,
ఈ సెక్రాల మధ్యన."

సీల తుప్పులో తుప్పైపోయి ఉంది.
సుత్తి పట్టుకుంటే కూనిరాగం తీసే మనిషి
ఆ వేళ నోరు విప్పలేదు.
అది ఊడి నేల మీద పడ్డాక
హ్యాండిల్ ఆమె చేతికిచ్చాం.
కిర్రు కిర్రుమని, మధ్యలో రెండు సార్లు ఆయాసంతో ఆగి,
నాలుగు మూలలూ లేచాయి.

ట్రాక్టరు అరువు తెచ్చుకుని
ఓడలరేవు ఇసక దాకా లాక్కెళ్ళాం.
నలుగురం ఒక మంచం మీద ఇరుక్కున్నాం,
రెండోది మొత్తం ఆమెది.
పడుకోలేదు. కాళ్ళు చాపుకుని కూర్చుని
సరుగుడు తోట వెనక
ఎక్కడో బావి మంట వెలుగుతుంటే
దాని కేసే చూస్తోంది.

అర్ధరాత్రి దాటాక చినుకులు మొదలయ్యాయి.
ఎడమ కిటికీ లోంచి,
నా బెత్తెడు తప్పు లోంచి,
ధార కట్టి ఆమె దుప్పటి తడిసింది.

"కారతందే."
"ఆయ్, కారుతుందండి. ఇటు వచ్చేయండి."

ఆమె కొంచెం పక్కకి జరిగింది.
మంచం దిగలేదు.