ఈల

దమన్హూర్ ఆసుపత్రి. రాత్రి రెండు దాటింది.
షహాతా కడుపులోంచి తీసిన నీళ్ళు
మెంతుల కషాయం రంగులో.
గాజు పలక మీద ఒక చుక్క.

లెక్కపెడుతున్నాను.
రెండు వందల యాభై దాటితే
లోపల దొంగ పడ్డట్టు.
నూట తొంభై దగ్గర కళ్ళు తుడుచుకుని మళ్ళీ వంగాను.
నాలుగు వందల పన్నెండు.

తెల్లకణాలు రాక మానలేదు.
వచ్చి నిలబడ్డాయి,
పేగు గోడ దాటొచ్చిన క్రిమి పక్కనే,
సంతకొచ్చి డబ్బు మరిచినవాళ్ళలా.

బయట బెంచీ మీద అతని భార్య నగాత్:
"నుదురు చల్లగానే ఉందమ్మా, జ్వరం లేదు కదా."
ఎలా చెప్పను,
జ్వరం రావడానికీ సత్తువ కావాలని,
మండాలంటే ముందు కట్టె ఉండాలని.

పత్తి మిల్లు గేటు దగ్గర ముప్పై ఏళ్ళు కాపలా షహాతా.
నిన్న సూది గుచ్చుతుంటే తనే చెప్పాడు:
"ప్రతి కుక్కకీ ఈల వేసేవాణ్ణి, బిడ్డా.
గాలికి రేకు కదిలినా వేసేవాణ్ణి.
ఒక రాత్రి నిజంగానే వచ్చారు దొంగలు.
ఈల నోట్లో పెట్టుకున్నాను.
ఊపిరి లేదు."
నవ్వాడు. కడుపులో నీళ్ళు కదిలాయి.

నా లెన్సు కింద ఉన్నదీ అదే.
కాలేయం రాయిలా బిగుసుకుంది,
రక్తం పక్కదారి పట్టింది,
గుమ్మంలో కూర్చుని మురికి పట్టే కణాలకి
ఎవరు వచ్చారో ఎవరు పోయారో తెలీదు.
పేగు నుంచి రోజూ కాస్త విషం.
దేనికైనా ఉలిక్కిపడి, ఊరికే కత్తి దూసి దూసి
అసలు రోజుకి
పిడి పట్టే ఓపిక మిగల్లేదు.

ఎక్కడ మొదలైందో అతనికి తెలుసు.
బడి ఆవరణ, వరుసలో నలభై మంది పిల్లలు.
కాలువలో ఈదితే పట్టే నత్త జబ్బుకి మందు.
స్టవ్వు మీద సత్తుగిన్నె, అందులో ఒకే గాజు సిరంజి.
నీళ్ళు మరిగాయో లేదో ఎవరూ చూడలేదు.
"నాకు ముందు సబ్రీ.
సబ్రీకి ముందెవరో గుర్తులేదు."

రిపోర్టు రాశాను. ఫోను చేశాను.
వార్డులో సీసా వేలాడదీశారు,
అరువు తెచ్చిన సైన్యం, చుక్క వెనక చుక్క.

నగాత్ లేచి నిలబడింది.
"ఎన్ని?"
చెప్పాను.
ఆమె మొహం విప్పారింది.
"నాలుగు వందల మందా!
అంతమంది ఉన్నారా లోపల, ఆయన తరఫున?"

ఉన్నారన్నాను.